మెల్లగా పరిగెత్తమన్నది ఎవరు?

పిన్‌రూ గుండెల మీది నంబరు గుడ్డ విప్పనంటే విప్పనంది.

"నిన్నటి చొక్కా, నిన్నటి చెమట. విప్పు తల్లీ, ఉతుకుతాను," అని తల్లి యూలాన్ మళ్ళీ బతిమాలింది.

"నా పరుగు అయిపోలేదు."

"అయిపోయిందే! నిన్ననే అయిపోయింది."

"అయిపోతే మెడల్ ఏది? నేను ఫస్టు వచ్చాను. నువ్వు చూశావు, నాన్న చూశాడు. ఫస్టు వచ్చినవాళ్ళకి మెడల్ ఇస్తారు."

ఇరవై నాలుగేళ్ళ పిల్ల. చదువూ చిల్లర లెక్కలూ బుర్రకెక్కలేదు గానీ, ఈ లెక్కలో మాత్రం దానికి ఏ తప్పూ దొర్లలేదు.  జవాబు దొరకనప్పుడల్లా యూలాన్‌కి ఒళ్ళు మండుకొస్తుంది.

"పోనీ ఇదైనా చెప్పు. పొద్దుటి పరుగు మెల్లగా పరిగెత్తమని నీకు ఎవరు చెప్పారు?"

"చెప్పను."

"లై కోచ్ చెప్పిందా?"

"చెప్పనని మాటిచ్చాను. మాటిస్తే తప్పకూడదని నువ్వే చెప్పావు." పిన్‌రూ గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన పెట్టిన గుడ్డట్టు చల్లారి బిగుసుకుపోయింది. పిల్ల నిన్న సాయంత్రం నుంచి పచ్చి గంగైనా ముట్టలేదు.

యూలాన్ మెట్లు దిగి కింద తమ టిఫిను దుకాణంలోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది. బయట వాన. కీలుంగ్‌లో వాన పడని ఆదివారం ఉంటే కదా చెప్పుకోవడానికి. మొగుడు జిన్‌షుయ్ పెనం ముందు నిలబడి, ఈ వైపు తల తిప్పకుండా అట్లు తిరగేస్తున్నాడు. ఫోనులో, పిన్‌రూలాంటి పిల్లల పరుగు జట్టులోని యోటింగ్ వాళ్ళమ్మ.

"ఊరుకోమంటారా యోటింగ్ అమ్మా? ఎట్లా ఊరుకుంటాను?" యూలాన్ గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. "పొద్దున ఒకసారి పరిగెత్తించారు. ఎవరి వేగమెంతో చూసి, సమానమైన వాళ్ళని ఒక గుంపుగా వేశారు. బాగుంది, న్యాయమే. సాయంత్రం ఫైనల్లో నా కూతురు పొద్దుటికంటే మరీ వేగంగా పరిగెత్తిందట. అందుకని మోసమట, మెడల్ ఇవ్వరట! తేలిక గుంపులో పడడానికి పొద్దున కావాలనే కాళ్ళీడ్చిందట! మోసం చేసేపాటి తెలివే దానికుంటే నేనిన్నాళ్ళూ ఇట్లా ఏడుస్తానా చెప్పండి?"

అవతల్నుంచి ఏదో ఓదార్పు. ఓదార్పు వింటే యూలాన్‌కి ఇంకా మండింది.

"మన పిల్లలు నెమ్మదిగా ఎగిరే దేవదూతలట! మైకులో ఎన్నిసార్లు అన్నాడో విన్నారా ఆ పోటీలు నడిపినాయన? నెమ్మదిగా ఎగిరినంతసేపూ దేవదూతలు. ఒక్కతె కాస్త జోరుగా ఎగిరితే పట్టుకుని రెక్కలు విరిచారు. ఎవరు చెప్పి ఉంటారంటారా? ఇంకెవరు, ఆ లై కోచే! జట్టుకి మెడలొస్తే పేరు ఎవరికి? నిన్న అందరి ముందూ మొహాన్నే అడిగాను కదా, నోరు విప్పిందా? తప్పు లేనిది ఎందుకు విప్పదు? మధ్యాహ్నం మీటింగులో తేలుస్తాను. ఆవిడ మళ్ళీ మన పిల్లల జోలికి రాకుండా చేస్తాను, చూస్తూ ఉండండి."

"ఏమయ్యా జిన్‌షుయ్," అన్నాడు మూల బల్ల దగ్గర సోయా పాలు తాగుతున్న ఝువాంగ్ తాత. "అట్టు కాల్చమన్నానా, బొగ్గు చేయమన్నానా?"

జిన్‌షుయ్ మాడిన అట్టుని చెత్తబుట్టలోకి తోసి, ఇంకో గుడ్డు పగలగొట్టాడు. దాంతోపాటు పెంకు ముక్క కూడా పెనం మీద పడింది. నిన్నటి నుంచీ మనిషి ఇంతే, బెల్లం కొట్టిన రాయి. భార్య ఊరంతటి మీదా విరుచుకుపడుతున్నా అవునన్లేదు, కాదన్లేదు. కూతురి కోసం కుమిలిపోతున్నాడులే అనుకుంది యూలాన్. జట్టు మొదలైనప్పటి నుంచీ ఒక్కనాడు అటువైపు తొంగిచూడని మనిషిని నిన్ననే ఆవిడ బలవంతాన స్టేడియానికి లాక్కెళ్ళింది. ఆ ఒక్క రోజే ఇట్లా ఏడ్చింది.

గొడుగు మడుస్తూ గుమ్మంలోకి వచ్చింది లై కోచ్.

సన్నటి మనిషి. పక్క బళ్ళో డ్రిల్లు టీచరు. ఆదివారాలు ఈ జట్టుని పరిగెత్తిస్తుంది. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసిపోయింది. రాత్రంతా నిద్రలేనట్టు కళ్ళు లోపలికి పోయాయి.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావు?" యూలాన్ ఒంటికాలి మీద లేచింది. నిన్నటిదాకా టీచరమ్మా, మీరూ అన్న నోరే.

"పిన్‌రూ తిన్నదా?"

"లేదు. అంతా నీ చలవే."

"మీటింగుకి ముందు మీతో ఒక మాట చెప్పాలి, పిన్‌రూ అమ్మా."

"కాళ్ళు పట్టుకుందామని వచ్చావా? పట్టుకున్నా లాభం లేదు."

"కాదండీ. నిన్న స్టేడియంలో అన్న మాటే మధ్యాహ్నం కూడా అనండి. నేనే చెప్పి చేయించానని. మాట మార్చకండి. అది అడుగుదామనే వచ్చాను."

యూలాన్ నోటిదాకా వచ్చిన తిట్లు నోట్లోనే ఆగిపోయాయి. నన్ను దొంగ అనండి అని ఇంటికొచ్చి అడిగే దొంగని ఆవిడ ఎక్కడా చూడలేదు.

"ఏమిటీ?"

"కమిటీకి ఒక పేరు కావాలండీ. కోచ్ చెప్పి చేయించిందంటే కోచ్‌ని తీసేస్తారు, అక్కడితో సరి. పిన్‌రూ శరత్కాలంలో కావ్‌ష్యుంగ్‌లో జరిగే జాతీయ పోటీలకి వెళ్తుంది. తనంతట తనే చేసిందన్నా, ఇంట్లోవాళ్ళు చెప్పారన్నా, పిల్ల పేరే కొట్టేస్తారు. ఏడాదిదాకా ఏ పోటీకీ రానివ్వరు. పొద్దున్నే కమిటీ హోంగ్ గారికి ఫోన్ చేసి కనుక్కున్నాను."

"ఇంట్లోవాళ్ళేమిటి? ఇంట్లో చెప్పేదెవరు? నేను చెప్పానా? నేనూ, మా…"



లై కోచ్ చూపు ఆవిడ భుజం మీదుగా వెనక్కి వెళ్ళి, వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చింది. యూలాన్ వెనక్కి తిరిగింది. పెనం మీద అట్టు మళ్ళీ మాడుతోంది. జిన్‌షుయ్ గరిటె కింద పెట్టేసి రెండు చేతులూ ఏప్రనుకి తుడుచుకుంటున్నాడు. చేతులకి ఏమీ లేదు. అయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఝువాంగ్ తాత సగం గ్లాసు అక్కడే వదిలేసి, గొడుగు కూడా విప్పకుండా వానలోకి జారుకున్నాడు.

"నువ్వా?" అంది యూలాన్.

జిన్‌షుయ్ స్టవ్ ఆర్పాడు.

"నిన్నే అడుగుతున్నా. నువ్వా?"

"నాకేం తెలుసు యూలాన్, ఇట్లా అవుతుందని?" అన్నాడు. "పొద్దున అది కాళ్ళు సాగదీసుకుంటుంటే చూశాను. నడుం దగ్గర్నుంచి మడమదాకా అచ్చం నేను స్కూల్లో పరిగెత్తిన రోజుల్లోలాగే ఉంది. నాకు మనసు ఆగలేదు. కుళాయి దగ్గర పిలిచి చెప్పాను. పొద్దుటి పరుగులో ఊపిరి దాచుకో, ఫైనల్లో ప్రాణం పెట్టు అని. మా డ్రిల్లు మాస్టారు నాకట్లాగే చెప్పేవాడు. జిల్లా పోటీల్లో నేనట్లాగే గెలిచాను. పరుగుపందెం అన్నాక అందరూ చేసేదే కదా!"

"అందరూ చేసేది ఇక్కడ చేయకూడదయ్యా! ఇక్కడ అదే మోసం! ఎప్పుడు పరిగెత్తినా ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తాలని ఈ అమ్మాయి ప్రతి ఆదివారం గొంతు పోయేలా అరుస్తుంది. ఒక్కటంటే ఒక్క ఆదివారం వచ్చి ఉంటే నీ చెవిన పడేది!"

"రానిచ్చావా?" జిన్‌షుయ్ తలెత్తాడు. నిన్నటి నుంచీ అతను ఆవిడ కళ్ళలోకి చూడడం అదే మొదలు. "మొదట్లో వస్తాననే అన్నాను. దుకాణం ఎవరు చూస్తారన్నావు. పిల్ల సంగతి నీకేం తెలుసన్నావు. దాని మందులు నీవి, దాని బడి నీది, దాని జట్టు నీది. నాకు మిగిలింది పెనమే."

"ఓహో! తప్పు నాదన్నమాట!"

"నీదనలేదు. దాన్ని మామూలు పిల్లలా చూడమని ఇన్నేళ్ళూ నా ప్రాణం తోడేశావు కదా? నిన్న మొట్టమొదటిసారి చూశాను. మామూలు ఆటగత్తెకి చెప్పినట్టే చెప్పాను."

 ఏదో ఒకటి అనకపోతే తను ఓడిపోయినట్టే అనిపించింది యూలాన్‌కి. ఆ సమయంలో ఓడిపోవడం ఆవిడ వల్ల కాదు.

"మరి నాకు చెప్పొద్దని ఎందుకు మాట తీసుకున్నావు?"

"నీకు తెలిస్తే తిడతావని."

అరవైకి దగ్గరపడ్డ మనిషి, చాటుగా మిఠాయి తిని దొరికిపోయిన పిల్లాడిలా అన్నాడు. యూలాన్‌కి అతన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. మరుక్షణం, నిన్న ఫైనల్లో పిన్‌రూ గీత దాటగానే కుర్చీ ఎక్కి చిందులేసింది ఈయనేనని గుర్తొచ్చింది. పెళ్ళినాడు కూడా ఆయన మొహంలో అంత వెలుగు చూడలేదు. అది గుర్తొచ్చి కోపం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది.

"మీకెట్లా తెలిసింది?" అని లై కోచ్‌ని అడిగింది. మీరు అనే మాట దానంతటదే తిరిగొచ్చింది.

"గీత దాటి నా మీద పడి, నాన్న చెప్పినట్టే చేశాను టీచర్, నాన్న చూశాడా అంది. నాకొక్కదానికే వినబడింది. మైకులో మోసమన్నాక గానీ అదేమిటో నాకు అర్థం కాలేదు, అప్పటికే మీరు మెట్లు దిగి నా మీదికి అరుస్తూ వస్తున్నారు."



"మీటింగులో నేనే చెప్తాను," అన్నాడు జిన్‌షుయ్. "తప్పు చేసింది నేను. ఈ అమ్మాయినెందుకు బలిచెయ్యడం? లేచి నిలబడి…"

"నోర్ముయ్!"

ఆ అరుపుకి జిన్‌షుయే కాదు, యూలాన్ కూడా ఉలిక్కిపడింది.

"నువ్వు నిజం చెప్పి పుణ్యం కట్టుకుంటావు. పిల్ల పరుగు ఏమవుతుంది? వారమంతా అది బతికేది ఆదివారం కోసం. కావ్‌ష్యుంగ్ వెళ్తానని వీధిలో కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకుంది. ఆ పరుగు తీసేస్తే దానికి ఇంకేముంది? నువ్వు మాట్లాడడానికి వీల్లేదు. కూర్చో. నేను చూసుకుంటాను."

ఏం చూసుకుంటుందో ఆవిడా చెప్పలేదు, వాళ్ళిద్దరూ అడగలేదు. న్యాయం కావాలని నిన్నటి నుంచీ గొంతు చించుకున్న మనిషి, న్యాయం ఎదురుగా వచ్చి నిలబడితే కూర్చోమంటోంది. ఆ సంగతి యూలాన్‌కి తెలుస్తూనే ఉంది. తెలుస్తున్నందుకే లై కోచ్ వైపు చూడలేకపోయింది.

"ఇంత మంచితనం నాకక్కర్లేదు," అంది నేలవైపు చూస్తూ. "నేనన్ని మాటలన్నాక కూడా మీరెందుకు చేస్తున్నారు?"

"మంచితనమా?" లై కోచ్ గొంతు మొదటిసారి పైకి లేచింది. "మీ కోసమని ఎవరన్నారు? నిన్న అంతమంది ముందు నన్ను పిల్లల్ని అమ్ముకునేదానివన్నారు. మా అమ్మ పక్కనే ఉంది, వింది. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. మీరంటే నాకు ఒళ్ళు మంటగానే ఉంది. మీ ఆయనంటే కూడా. కానీ నిన్న ఆ పిల్ల ఆఖరి మలుపు తిరగడం చూశారా? అట్లా పరిగెత్తగలదని నాకే తెలీదు. దాన్ని ఏడాదిపాటు ఇంట్లో కూర్చోబెట్టడం నా వల్ల కాదు. అంతే."

మెట్ల మీద అడుగుల చప్పుడు. పిన్‌రూ దిగి వచ్చింది. ఎంతసేపటి నుంచి మెట్ల మీద ఉందో, ఎంత విన్నదో ఎవరికీ తెలీదు.

"టీచర్! ఇవాళ ప్రాక్టీసుందా?"

"ఇవాళ వాన కదా. లేదు."

"వచ్చే ఆదివారం?"

"చూద్దాం," అంది లై కోచ్. గొడుగు విప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

*

మీటింగు కమ్యూనిటీ సెంటరు మేడ మీద. తడి గొడుగులన్నీ గుమ్మం పక్క బకెట్లో పడేసి, తల్లులూ తండ్రులూ ఇనప కుర్చీల్లో కూర్చున్నారు. కమిటీ తరఫున హోంగ్ గారు బల్ల వెనక టీ కప్పు పెట్టుకుని కూర్చున్నాడు. లై కోచ్ ఒక్కతే గోడవార కుర్చీలో ఉంది. ఆమెకి అటు రెండు కుర్చీలు, ఇటు రెండు కుర్చీలు ఎవరూ కూర్చోలేదు.

జిన్‌షుయ్‌ని ఇంట్లో ఉండమంది యూలాన్. వినలేదు, వచ్చాడు. వచ్చి భార్యకి వెనక వరసలో, నోరు కుట్టేసినట్టు కూర్చున్నాడు. పిన్‌రూ తల్లి పక్కనే, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

లై కోచ్ లేచి తల వంచింది. "పొరపాటు నాది. నన్ను క్షమించండి," అంది. ఇంకేమీ అనలేదు.

అంతే, గది భగ్గుమంది.

"క్షమించండి అంటే సరా? పిల్లల్ని అడ్డం పెట్టుకుని పేరు సంపాదిస్తావా?" అన్నాడొక తండ్రి.

"నోరులేని పిల్లలని కదూ ఈ ధైర్యం!" అంది ఇంకొకావిడ.

"పిల్లల్ని అమ్ముకునేది!" యోటింగ్ వాళ్ళమ్మ లేచి నిలబడి మరీ అంది. "పిన్‌రూ అమ్మ సరిగ్గానే అంది. నిన్ను బళ్ళోంచి కూడా తీసేయించాలి. మా వాడు నిన్ను చూస్తే చాలు, ఎగిరి గంతేసేవాడు. థూ!"

ఒక్కొక్క మాటా యూలాన్‌దే. నిన్న స్టేడియంలో తనన్నవి, పొద్దున ఫోనులో తనన్నవి, ఇప్పుడు పది నోళ్ళలోంచి తిరిగొస్తున్నాయి. ఆపండి అని అరవాలనిపించింది. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. యూలాన్ పెదాలు పళ్ళ కింద నొక్కిపెట్టి కూర్చుంది.

"అమ్మా," అంది పిన్‌రూ. "టీచర్ని ఎందుకు తిడుతున్నారు?"

"ష్."

"టీచర్ ఏం చేసింది?"

"ఊరుకో. తర్వాత చెప్తా."

హోంగ్ గారు బల్ల మీద తట్టాడు. "చాలు, చాలు. తిట్లు రాసుకుని నేనేం చేసుకోను? నాకు కావలసింది ఒక్క మాట. పిన్‌రూ అమ్మా, లేవండి. ఫిర్యాదు మీది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. పొద్దుటి పరుగు మెల్లగా పరిగెత్తమని మీ అమ్మాయికి చెప్పింది ఈ కోచేనా?"

యూలాన్ లేచింది. లై కోచ్ ఆవిడ వంక చూడడం లేదు, ఎదుటి గోడ వంక చూస్తోంది. వెనక కుర్చీ కిర్రుమంది. జిన్‌షుయ్ లేస్తున్నాడేమో!

"అవును," అంది గబగబా. "ఆవిడే."

చేతిలోంచి కూతురి చెయ్యి జారిపోయింది.

పిన్‌రూ లేచి, అందరి మధ్యనుంచి గదికి అడ్డంగా నడిచి వెళ్ళి, లై కోచ్ పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. కూర్చుని తల్లికేసి చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ మొహంలో ఏడుపు చూసింది యూలాన్, భయం చూసింది, మొండితనం చూసింది. ఇట్లాంటి కోపం మాత్రం ఎన్నడూ చూడలేదు.

"మా అమ్మ అబద్ధం చెప్పింది," అంది పిన్‌రూ. దానికి మెల్లగా మాట్లాడడం రాదు. గదిలో ఆఖరి కుర్చీదాకా వినబడింది. "టీచర్ చెప్పలేదు. టీచర్ ఎప్పుడూ అట్లా చెప్పదు. టీచర్ని తిట్టొద్దు!"

"పిన్‌రూ, వద్దు," అంది లై కోచ్ దాని మోచెయ్యి పట్టుకుని.

హోంగ్ గారు ముందుకి వంగాడు. "మరి ఎవరు చెప్పారమ్మా? నాతో చెప్పు, భయం లేదు."

పిన్‌రూ నోరు తెరిచింది. తండ్రి వంక చూసింది. మూసుకుంది. మొహమంతా ఎర్రబడింది. వేళ్ళు మడుస్తూ విప్పుతూ, ఏదో చాలా బరువైనది ఒక్కతే ఎత్తుతున్నదానిలా ఊపిరి బిగబట్టింది.

"ఎవరూ చెప్పలేదు," అంది. "నేనే. నాకు నేనే మెల్లగా పరిగెత్తాను."

అబద్ధమాడడం పిన్‌రూకి చేతకాదని, ఆ ఒక్క విషయంలో తను అదృష్టవంతురాలినని, యూలాన్ ఎంతమందికి చెప్పుకుందో. ఎవరు నేర్పారని ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.

గదిలో గుసగుసలు లేచాయి. "చూశారా, అదే చేసిందట!" అని ఎవరో అన్నారు. "అమాయకురాలనుకున్నాం," అని ఇంకెవరో. పొద్దున్నే ఫోను చేసి ఓదార్చిన యోటింగ్ వాళ్ళమ్మ కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది.

"ఆలోచించుకునే చెప్తున్నావా?" అన్నాడు హోంగ్ గారు. "నువ్వే కావాలని చేశానంటే ఇంక ఈ ఏడాది నీకు పరుగు ఉండదు. కావ్‌ష్యుంగ్ ఉండదు. నేను చెప్పేది అర్థమైందా?"

పిన్‌రూ తల ఊపింది. లై కోచ్ చెయ్యి మాత్రం వదల్లేదు.

హోంగ్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకీ విసుగొచ్చింది.

"పిన్‌రూ అమ్మా, మీరింకా నిలబడే ఉన్నారు. మీరేమో కోచ్ అంటున్నారు. మీ అమ్మాయేమో తనేనంటోంది. అబద్ధమాడుతున్నదెవరు? మీరా, మీ అమ్మాయా?"

యూలాన్ వెనక్కి తిరిగి మొగుడి వంక చూసింది. జిన్‌షుయ్ సగం లేచి, ముందు కుర్చీ వీపు పట్టుకుని ఆగిపోయి ఉన్నాడు. చెప్పమంటావా వద్దంటావా అన్నట్టు ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.